కొత్త తొట్టి, తేట నీళ్లు, చనిపోతున్న చేపలు

ప్రశ్న: మా బాబు పోరు పడలేక రెండడుగుల గాజు తొట్టి కొన్నాం. కొన్న రోజే బోరు నీళ్లు నింపి ఆరు గోల్డ్‌ఫిష్‌లను వేశాం. వారం తిరగకముందే రెండు చనిపోయాయి. మిగతావి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. టెస్ట్ కిట్ తెప్పించి చూస్తే అమ్మోనియా 2 పీపీఎం, పీహెచ్ 8 వచ్చాయి. నీళ్లు చూస్తే తేటగా ఉన్నాయి. షాపతను నీలం మందు పొయ్యమన్నాడు. పొయ్యాలా? లేక తొట్టంతా కడిగి మళ్లీ నింపాలా?
- ఒక తల్లి, మొగుడంపల్లి

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఇది చదువుతూనే తొట్టిలో సగం నీళ్లు తీసేయండి. అదే బోరు నీటిని బకెట్లో పట్టి, ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి పది పదిహేనుసార్లు ఎత్తి పోసి, తొట్టి నీళ్లంత వెచ్చగా ఉందో లేదో చేయి పెట్టి చూసి, మెల్లగా నింపండి. అమ్మోనియా 2 నుంచి 1కి దిగుతుంది. రేపు మళ్లీ సగం మార్చండి. ఆ తర్వాత కిట్‌లో 0.5 కంటే తక్కువ చూపించేదాకా రోజూ మూడో వంతు మారుస్తూ ఉండండి. రెండు రోజులు మేత వెయ్యొద్దు. గోల్డ్‌ఫిష్‌కు రెండు రోజుల పస్తుతో ఏమీ కాదు. బాబుకు మాత్రం ఇది కష్టంగా ఉంటుంది, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండి. తర్వాత కూడా రోజుకు ఒక్కసారే, రెండు నిమిషాల్లో తినేసేంతే వెయ్యాలి.

నల్లా నీళ్లు వాడాల్సి వస్తే ఒక జాగ్రత్త ఉంది. సింగూరు నుంచి వచ్చే మిషన్ భగీరథ నీటిలో క్లోరిన్ కలుపుతారు. అది చేపల మొప్పల్నీ కాలుస్తుంది, తొట్టిలో అమ్మోనియాను తినే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది. ఆ నీటిని వెడల్పాటి టబ్బులో ఒక రోజంతా మూత లేకుండా ఉంచండి. లేదంటే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసి వాడండి.

ఇక అసలు కారణం. చేప తిన్న మాంసకృత్తుల వ్యర్థం ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. తినకుండా మిగిలి కుళ్లిన మేత దానికి తోడవుతుంది. ఆ అమ్మోనియాకు రంగు లేదు కాబట్టే మీ నీళ్లు తేటగా ఉన్నాయి. పాత తొట్టిలో దాన్ని తినే సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రవేత్త మట్టిలోంచి వీటిని వేరు చేసి చూపించాడు. కొన్ని బాక్టీరియాలు అరగంటలోపే రెట్టింపవుతాయి. వీటికి మాత్రం ఎన్నో గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. అందుకే కొత్త తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మీ తొట్టి మురికిగా లేదు. ఇంకా సిద్ధం కాలేదు, అంతే.

ఇప్పుడు పీహెచ్ సంగతి చూద్దాం. కిట్ చూపించిన 2 పీపీఎం అంతా విషం కాదు. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అందులో ఒకటే చేపను చంపుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే ఆ విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. పీహెచ్ 8కి వచ్చేసరికి నూటికి అయిదు పాళ్లు దాటుతుంది. అంటే మీ తొట్టిలో విషం దాదాపు 0.1 పీపీఎం. 0.05 దగ్గరే మొప్పలు దెబ్బతినడం మొదలవుతుంది. ఎండాకాలం నీళ్లు వేడెక్కితే విషం పాలు ఇంకా పెరుగుతుంది. అలాగని పీహెచ్ దించడానికి నిమ్మరసమో చింతపండు పులుసో పోసేరు! పీహెచ్ ఒక్కసారిగా కిందామీదా అయితే చేపకు అదే ఇంకో దెబ్బ. బోరు నీటిలోని క్షారగుణం ఆ సూక్ష్మజీవులు పని చేయడానికి అవసరం కూడా.

నీలం మందు మిథిలీన్ బ్లూ. బూజు పట్టిన చేపకు వేరే బకెట్లో వాడే మందు అది. తొట్టిలో పోస్తే మీరు ఎదురుచూస్తున్న సూక్ష్మజీవులే ముందు పోతాయి. పటిక వేసినా అమ్మోనియా పోదు. తొట్టి కడిగితే అప్పటిదాకా పెరిగిన కాస్తా పోయి మళ్లీ మొదటికొస్తారు. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది నీటిలో కాదు, ఫిల్టర్ స్పాంజిలో, అడుగు రాళ్ల మీద. స్పాంజి మూసుకుపోతే తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి. నల్లా కింద మాత్రం పెట్టొద్దు.

ఎవరింట్లోనైనా ఏడాదిగా చేపలు బాగా బతుకుతున్న తొట్టి ఉంటే, దాని ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడగండి. తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే వారాల పని రోజుల్లో అవుతుంది. నేనైతే సీసాల్లో అమ్మే ఏ మందు కంటే ముందు దీన్నే నమ్ముతాను. కరెంటు గంటల తరబడి పోతే స్పాంజిలో గాలి అందక సూక్ష్మజీవులు చస్తాయి కాబట్టి బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉంచుకోండి.

ఇంకొక్క మాట. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో పట్టేది 56 లీటర్లే. గోల్డ్‌ఫిష్ బాగా తిని బాగా వదిలే చేప. ఉన్న నాలుగే ఆ నీటికి ఎక్కువ. చనిపోయిన వాటి బదులు కొత్తవి తేవొద్దు.

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న మా బంధువులు అమ్మోనియాకు జియోలైట్ చల్లుతారు. ఇంటి తొట్టిలో వేయొచ్చా? చేపల జబ్బులకు ఉప్పు కూడా వేయమంటున్నారు.
- జహీరాబాద్ పాఠకుడు

జవాబు: జియోలైట్ మంచినీటిలో బాగా పని చేస్తుంది. కడిగి, సన్నటి వలసంచిలో కట్టి ఫిల్టర్‌లో పెట్టండి. ఉప్పుతో కలిపి మాత్రం వాడకండి. ఉప్పులోని సోడియం వచ్చి చేరితే జియోలైట్ పట్టుకున్న అమ్మోనియాను మళ్లీ నీటిలోకి వదిలేస్తుంది. ఉప్పు అవసరం తర్వాత వస్తుంది. అమ్మోనియా తగ్గి నైట్రైట్ పెరిగినప్పుడు చేప రక్తం గోధుమరంగుకు తిరిగి ఊపిరి అందదు. అప్పుడు జియోలైట్ తీసేసి, అయోడిన్ కలపని దొడ్డు ఉప్పు లీటరుకు ఒక గ్రాము చొప్పున విడిగా కరిగించి పోస్తే చేప తట్టుకుంటుంది.

ప్రశ్న: హైదరాబాద్ నుంచి కవర్లో చేపలు తెచ్చాను. దారిలో బాగానే ఉన్నాయి. కవరు విప్పి గంటసేపు తొట్టి నీళ్లు కొంచెం కొంచెం కలిపాక తేలిపోయాయి. ఎందుకు?
- మొగుడంపల్లి మండలం నుంచి ఒక విద్యార్థి

జవాబు: మూసిన కవర్లో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోతుంది. అందువల్ల పోగైన అమ్మోనియా దారంతా పెద్దగా హాని చేయదు. కవరు విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా విషమవుతుంది. నువ్వు జాగ్రత్త అనుకుని గడిపిన ఆ గంటా చేపలు ఆ విషంలోనే ఉన్నాయి. ఈసారి కవరు విప్పకుండానే ఇరవై నిమిషాలు తొట్టి నీటిపై తేలనివ్వు. వేడి సమానమయ్యాక విప్పి, చేపల్ని చిన్న వలతో వెంటనే తొట్టిలోకి వదులు. కవర్లో నీళ్లు ఒక్క చుక్క కూడా తొట్టిలో పొయ్యకు, బయట మొక్కలకు పొయ్యి.