కొండ కడుపులో ఆశ్రయం

ఉద్దేశం: యుద్ధకాలంలో సామాన్య ప్రజలు పరస్పర సహకారంతో తమ ప్రాణాలను కాపాడుకొన్న తీరును విద్యార్థులకు తెలియజేయడం.

విమానం యుద్ధసాధనమైన నాటి నుండి రణరంగానికీ జనావాసానికీ మధ్యనున్న హద్దు చెరిగిపోయింది. ఆయుధం పట్టనివారు సైతం నిద్రలోనే మృత్యువాత పడే దుస్థితి దాపురించింది. ఈ కఠోర సత్యాన్ని తొలినాళ్ళలోనే చవిచూసిన మహానగరాలలో స్పెయిన్ దేశపు బార్సిలోనా ఒకటి.

1936 జూలైలో స్పెయిన్‌లో అంతర్యుద్ధం చెలరేగింది. గణతంత్ర ప్రభుత్వంపై తిరుగుబాటు చేసిన సైన్యాధికారులకు ఇటలీ, జర్మనీ దేశాలు అండగా నిలిచాయి. బార్సిలోనా గణతంత్ర పక్షాన నిలిచినందువల్ల 1937 ఫిబ్రవరి నుండి దాడులకు గురయింది. 1938 మార్చి 16, 17, 18 తేదీలలో ఇటలీ విమానాలు విడతలు విడతలుగా బాంబులు కురిపించగా సుమారు వెయ్యిమంది అసువులు బాశారు.

ఈ ఆపదను ఎదుర్కొనేందుకు నగరవాసులు ప్రభుత్వ సాయం కోసమే ఎదురుచూస్తూ కూర్చోలేదు. పేటపేటకూ సంఘాలుగా ఏర్పడి, చందాలు పోగుచేసి, నేలను తొలిచారు. నగరంలో 1,300కు పైగా ఆశ్రయాలు వెలిశాయి. వాటిలో నేటికీ సందర్శకులు చూడగలిగిన వాటిలో ఒకటి 'ఆశ్రయం 307'. నాటి జాబితాలో దానికి లభించిన సంఖ్యే దాని పేరయింది.

మోంజుయిక్ కొండ పాదంలో, పోబ్లె సెక్ అనే శ్రామికుల పేటలో ఈ సొరంగం ఉంది. పురుషులలో అనేకులు యుద్ధభూమికి తరలిపోగా స్త్రీలు, వృద్ధులు, బాలలు గునపాలు పట్టి దీనిని తవ్వారు. మొత్తం పొడవు సుమారు 400 మీటర్లు. లోపల ఇరుకైన దారి. ఇటుకల కమాను కప్పుకు, గోడలకు వెల్లసున్నం పూశారు. సొరంగం తిన్నగా సాగక మలుపులు తిరుగుతుంది. ద్వారం వద్ద బాంబు పేలినా దాని తాకిడి మలుపుల వద్ద బలహీనపడి లోపలివారిని చేరకుండుటకే ఈ ఏర్పాటు. తాగునీరు, మరుగుదొడ్లు, చికిత్స గది, పిల్లల గది కూడా అందులో కనిపిస్తాయి. చీకటిలో, భయంలో వందలాదిమంది కిక్కిరిసి ఉన్నచోట కలహాలు పుట్టరాదని రాజకీయ, మతపరమైన చర్చలను నిషేధించారు. బాంబుల నుండే గాక పరస్పర వైరం నుండి కూడా ప్రజలను కాపాడవలసి వచ్చిందన్నమాట!

1938 జూన్‌లో జవహర్‌లాల్ నెహ్రూ, వి.కె. కృష్ణమీనన్‌తో కలిసి బార్సిలోనాను సందర్శించి, అక్కడి రాత్రి దాడులను కళ్ళారా చూశారు. నాలుగేళ్ళు తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. దూరదేశపు దుఃఖం తెలుగు తీరానికీ వచ్చింది.

1939 జనవరి 26న బార్సిలోనా తిరుగుబాటుదారుల వశమైంది. ఆశ్రయం నిర్మించినవారు యుద్ధంలో గెలువలేదు. అయినను వారు తవ్విన సొరంగం నిలిచింది. నేడు నగర చరిత్ర ప్రదర్శనశాల దానిని సంరక్షిస్తున్నది. విజయస్తంభాలు గెలిచినవారి పేర్లు చెబుతాయి. ఈ ఇరుకుదారి బతకాలనుకొన్నవారి శ్రమను చెబుతుంది.

ప్రశ్నలు
1. సొరంగాన్ని మలుపులు మలుపులుగా నిర్మించడానికి కారణమేమి?
2. ఆశ్రయంలో కొన్ని చర్చలను ఎందుకు నిషేధించారు?
3. 'దూరదేశపు దుఃఖం తెలుగు తీరానికీ వచ్చింది' – వివరించండి.