నత్త జిగురు పుండుకు మందేనా?

ప్రశ్న: మాది రాయ్‌పూర్ దగ్గర ఆరంగ్. వానలు పడితే పెరడంతా పెద్ద నత్తలే. వాటి జిగురు రాస్తే పుండు మానుతుందని మా అత్తగారంటారు. నిజమేనా?

జవాబు: ఆవిడ మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. ఆఫ్రికా రాకాసి నత్త జిగురులో అకాసిన్ అనే ప్రొటీన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1980ల్లోనే వేరుచేశారు. అది అమైనో ఆమ్లాల మీద పనిచేసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. పుండుకు చీము పట్టించే స్టెఫైలోకాకస్ లాంటి బాక్టీరియా దాని దెబ్బకు చస్తుంది. 2017లో హార్వర్డ్ పరిశోధకులైతే గుల్లలేని నత్త జిగురును చూసి, నెత్తుటి తడిలోనూ అతుక్కునే జిగురును తయారుచేశారు.

ఇదంతా ప్రయోగశాల ముచ్చట. పెరటి నత్త ఒంట్లో ఎలుక ఊపిరితిత్తుల పురుగు ఉండొచ్చు. అది మనిషి కడుపులోకి చేరితే మెదడు పొరలు వాయొచ్చు. పచ్చి పుండు మీద నత్తను పాకించకండి. ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోండి. పుండును శుభ్రమైన నీళ్లతో కడిగి కట్టుకట్టండి. చీము పట్టినా, షుగర్ ఉన్నా డాక్టరుకు చూపించండి.