రోగి పక్కన వకీలు కూడా ఉండాలి
(ఉచిత న్యాయ సహాయం గురించి రోగుల కుటుంబ సభ్యులకు)



క్యాజువాలిటీ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మమ్మల్ని మొదట అడిగేది "బతుకుతడా సిస్టరమ్మా?" అని. కొంచెం ఊపిరి తీసుకున్నాక అడిగేది పైసల గురించి. మూడో ప్రశ్న ఒకటుంది. దాన్ని ఎవరూ అడగరు. ఈ దెబ్బకు బాధ్యులెవరు, వాళ్లు మాకేమైనా ఇవ్వాలా అన్నదే ఆ ప్రశ్న. అడగడానికి భయం, సిగ్గు. కోర్టు అంటే పొలం అమ్ముకోవడమే అన్న నమ్మకం కూడా. మందుల గురించి ఈ పుస్తకంలో వేరే పాఠాలున్నాయి. ఈ పాఠంలో ఆ మూడో ప్రశ్న గురించి చెప్పుకుందాం.

నా చేతిరాత చేసిన నష్టం

ముందు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను వేరే ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. బషీరాబాద్ వైపు నుంచి నాపరాయి గనిలో పనిచేసే ఒకాయనను జీపులో తీసుకొచ్చారు. కుడికాలు మోకాలి కింద నుజ్జు అయింది. వెంట వచ్చిన యజమాని మనిషి మొదటి రోజు ఖర్చులకు డబ్బు కట్టాడు. తరువాత నా బల్ల దగ్గరకు వచ్చి, "ఇంట్ల జారిపడ్డడని రాయుండ్రి సిస్టరమ్మా, మొత్తం మేమే చూసుకుంటం" అన్నాడు. రోగి భార్య కూడా తల ఊపింది. డబ్బు ఆగిపోతే వైద్యం ఆగిపోతుందని ఆమె భయం. బయట ఇంకో ఇద్దరు రోగులు ఎదురుచూస్తున్నారు. నేను "ఇంటి దగ్గర జారిపడి" అని రాసేశాను.

కాలు తీసేయవలసి వచ్చింది. రెండు నెలలు గడిచాక యజమాని ఫోను ఎత్తడం మానేశాడు. ఆ భార్య అత్తమ్మను వెంటబెట్టుకుని మళ్లీ నా దగ్గరకే వచ్చింది. ఎవరో చెబితే తాండూరు కోర్టులో ఉచిత న్యాయ సహాయం కోసం అర్జీ పెట్టుకుందట. వాళ్లు ఇచ్చిన వకీలు ఆస్పత్రి కాగితాలు తెమ్మన్నాడు. ఆ కాగితాల్లో మొదటి లైను నేను రాసినదే. అవతలి పక్షం వాళ్లు దాన్నే పట్టుకున్నారు. తోటి కూలీలు ఇద్దరు సాక్ష్యం చెబుతామన్నారు, వారిలో ఒకరు తరువాత వెనక్కి తగ్గారు. చివరికి ఆదుకున్నది డాక్టరుగారి ఆపరేషన్ నోట్సు. బరువైన బండ పడి నలిగిన గాయమనీ, గాయంలో రాతిపొడి ఉందనీ అందులో స్పష్టంగా ఉంది. ఇంట్లో జారిపడితే ఎముక అలా పొడి అవ్వదు కదా. కేసు నిలిచింది కానీ రావలసినంత రాలేదు, రాజీ మీద కొంత వచ్చింది. ఆ తగ్గిన భాగంలో నా లైను వాటా ఎంతో నాకు తెలుసు.

అందుకే చెబుతున్నాను. క్యాజువాలిటీలో "ఎట్ల తగిలింది?" అని మేము అడిగేది ఊరికే కాదు. ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పనిలో ఉండగా, ఏ బండి తగిలి అన్నది జరిగింది జరిగినట్టే చెప్పండి. అబద్ధం చెప్పమని ఎవరైనా ఒత్తిడి పెడితే ఆ మాట కూడా డాక్టరుగారికి చెప్పండి. ప్రమాదాలు, కొట్లాటలు, కాలిన గాయాలు, విషం తాగడం వంటివి మెడికో లీగల్ కేసుగా నమోదవుతాయి. దానికొక ఎం.ఎల్.సి. నెంబరు ఉంటుంది, పోలీసులకు సమాచారం పోతుంది. ఇది మిమ్మల్ని ఇరికించడానికి అని చాలామంది అనుకుంటారు. కానీ రేపు మీ చేతిలో ఉండే మొదటి రుజువు అదే.

పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆగాలా?

ఆగకూడదు. స్కూటరు మీద పోతున్న ఒకాయనను కారు గుద్దింది. దగ్గరలోని ఆస్పత్రికి తీసుకుపోతే, ఇలాంటి కేసులు మేము చూడం, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంకో ఆస్పత్రికి పొమ్మన్నారు. ఆయన దారిలోనే చనిపోయాడు. ఈ వార్తను పేపర్లో చదివి పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. చనిపోయినవాడు ఆయనకు చుట్టం కాదు. 1989లో కోర్టు తీర్పు చెప్పింది: ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు కాగితాలు ఆ తరువాతే. 1996లో ఇంకో తీర్పు వచ్చింది. బెంగాల్‌లో రైలులోంచి పడ్డ ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తరువాత ఒకటి మంచం లేదని తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేరి సొంత డబ్బు పోసుకున్నాడు. అతని తరఫున కూలీల సంఘం కోర్టుకు వెళ్లింది. సుప్రీంకోర్టు అతనికి 25,000 రూపాయలు ఇప్పించి, అత్యవసర వైద్యం ఇవ్వకపోవడం జీవించే హక్కును కాలరాయడమే అని చెప్పింది.

దెబ్బ తిన్నవారిని ఆస్పత్రికి చేర్చిన పరాయివారు కూడా భయపడనక్కరలేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన నిబంధన ప్రకారం, మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు.

వకీలుకు డబ్బు ఎవరిస్తారు?

ప్రభుత్వం ఇస్తుంది. పేదరికం వల్ల ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని 1976లో రాజ్యాంగంలో 39ఎ అధికరణం చేర్చారు. దాన్ని అమలు చేయడానికి 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమలవుతోంది. ఈ చట్టం కింద కోర్టు ఫీజు, వకీలు ఫీజు, కాగితాల ఖర్చు మీరు పెట్టుకోనక్కరలేదు.

దీనికి అర్హులెవరో జాగ్రత్తగా చదవండి. స్త్రీలందరూ అర్హులే, ఆదాయం ఎంతున్నా సరే. మన ఊళ్లలో చాలామందికి ఇది తెలియదు. పిల్లలు, ఎస్.సి., ఎస్.టి.లు, వికలాంగులు, మానసిక రోగులు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులు, వరద, కరువు వంటి విపత్తుల బాధితులు, జైలులో ఉన్నవారు కూడా అర్హులు. మిగిలినవారికి ఆదాయ పరిమితి ఉంటుంది. మంచం మీద ఉన్నది మగవాడైనా, కేసు వేయవలసింది భార్య లేక తల్లి అయితే ఆమె పేరుమీద సహాయం దొరుకుతుంది.

మానసిక రోగుల విషయంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం విడిగా కూడా ఉచిత న్యాయ సహాయం హక్కు ఇచ్చింది. హెచ్.ఐ.వి. ఉన్నవారిని ఉద్యోగంలోంచి తీసేయడం, వైద్యం నిరాకరించడం 2018 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం నేరుగా నిషేధం. అలాంటి కేసులో కోర్టు అనుమతితో అసలు పేరు దాచి నడపవచ్చు. ఊరంతా తెలిసిపోతుందని మానేసినవాళ్లను నేను చూశాను, అందుకే ఇది రాస్తున్నాను.

రోడ్డు ప్రమాదం జరిగినప్పుడు

2025 నవంబరు 3 ఉదయం తాండూరు నుంచి హైదరాబాదు వెళ్తున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొట్టి 19 మంది చనిపోయారు. మన ప్రాంతంలో ఆ రోజును మరచిపోయిన ఇల్లు లేదు. అలాంటి పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ప్రభుత్వం ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తుంది. చాలా కుటుంబాలు దానితో అయిపోయిందనుకుంటాయి. అది దయతో ఇచ్చే సాయం మాత్రమే. చట్టప్రకారం రావలసిన నష్టపరిహారం వేరు. దానికి మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు నివసించే చోట ఉన్న ట్రిబ్యునల్‌లో వేసుకోవచ్చు. ప్రమాదం రంగారెడ్డి జిల్లాలో జరిగిందని అక్కడికి తిరగనక్కరలేదు. చట్ట సవరణ ప్రకారం 2022 ఏప్రిల్ నుంచి ఆరు నెలల గడువు ఉంది. పెద్దకర్మ అయ్యాక చూద్దాం, పంట వచ్చాక చూద్దాం అనకండి.

గుద్దిన బండి దొరకలేదా? అప్పుడు కూడా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దీనికి రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టాలి. ఇక వైద్యం విషయంలో, 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఎంపిక చేసిన ఆస్పత్రుల్లో మొదటి 7 రోజులకు 1.5 లక్షల వరకు నగదు లేకుండా చికిత్స చేసే కేంద్ర పథకం ఉంది. చేర్చేటప్పుడే అడగండి.

ఇంకో మాట. ప్రమాదం జరిగిన మరునాడే కొందరు వార్డుకు వస్తారు. తియ్యగా మాట్లాడతారు, పండ్లు తెస్తారు, తెల్లకాగితం మీద సంతకం అడుగుతారు. వచ్చిన డబ్బులో మూడోవంతు మాకు ఇవ్వండి చాలు అంటారు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం వకీళ్ల వృత్తి నియమాలకే విరుద్ధం. న్యాయ సహాయం కింద వచ్చిన వకీలు అయితే మీ దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అడిగితే నియమించిన సంస్థకే ఫిర్యాదు చేయండి.

గనిలో, మిషను దగ్గర, కట్టడం మీద

తాండూరు బండల పని, సిమెంటు పని మన దగ్గర ఎందరికో అన్నం పెడుతుంది. పనిలో ఉండగా దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలని 1923 నాటి చట్టం నుంచే ఉంది. ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. కాంట్రాక్టరు కింద పనిచేసినా హక్కు పోదు. నియామకపు కాగితం లేదని చాలామంది ఊరుకుంటారు. కూలీ పట్టీ, ఫోనులో వచ్చిన డబ్బు, తోటి కూలీల మాట ఇవన్నీ సాక్ష్యమే. ఇది కార్మిక శాఖ కమిషనరు ముందు నడిచే కేసు. పరిహారం జీతాన్ని, వయసును బట్టి లెక్క కడతారు. కాబట్టి "నెలకు ఎంత సంపాదిస్తడు?" అని అడిగితే తక్కువ చేసి చెప్పకండి. రాతిదుమ్ము పీల్చి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కూడా వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఏళ్ల తరబడి టి.బి. మందులు వాడినా దగ్గు తగ్గకపోతే, ఏ పని ఎన్నేళ్లు చేశారో డాక్టరుగారికి చెప్పి రాయించుకోండి.

ఎక్కడికి పోవాలి?

బషీరాబాద్ వాళ్లకు దగ్గరిది తాండూరు కోర్టులోని మండల న్యాయ సేవా కమిటీ. జిల్లా స్థాయిలో వికారాబాద్‌లోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 2022 జూన్ 2న కొత్త జిల్లాలకు వేరుగా జిల్లా కోర్టులు వచ్చినప్పటి నుంచి మనకు ఈ పని మీద రంగారెడ్డి దాకా పోయే బాధ తప్పింది. ఫోను అయితే 15100, దీనికి డబ్బు పడదు. చదువు రానివారు నోటితో చెబితే అక్కడివాళ్లే అర్జీ రాస్తారు. గ్రామాల్లో పారా లీగల్ వాలంటీర్లు ఉంటారు, వాళ్లు వకీళ్లు కారు, కానీ దారి చూపిస్తారు.

లోక్ అదాలత్ గురించి కూడా కొంచెం. అక్కడ ఫీజు లేదు, పని త్వరగా అవుతుంది. అయితే ఒకసారి ఒప్పుకుని సంతకం చేశాక దాని మీద అప్పీలు ఉండదు. అంకె వినగానే తల ఊపకండి. ఇకముందు పట్టే వైద్యం ఖర్చు, కొయ్యకాలు, మళ్లీ ఆపరేషన్ ఇవన్నీ డాక్టరుగారిని అడిగి లెక్క వేసుకున్నాక ఒప్పుకోండి. ఆస్పత్రి సేవలపై ఫిర్యాదులు ఉంటే శాశ్వత లోక్ అదాలత్ కూడా వింటుంది. ఆస్పత్రిలో పనిచేసే నేనే ఇది చెబుతున్నానని నవ్వకండి. మా మీద ఫిర్యాదు ఉన్నా అడిగే హక్కు మీది.

సంచిలో దాచవలసినవి

మా వార్డులో ప్రతి మంచం కింద ఒక ప్లాస్టిక్ సంచి ఉంటుంది. అందులో పళ్లెం, దుప్పటి, మందుల చీటీలు అన్నీ కలిసి ఉంటాయి. పులుసు ఒలికి బిల్లులు తడిసిపోవడం ఎన్నోసార్లు చూశాను. కాగితాలకు వేరే కవరు పెట్టండి. ఎం.ఎల్.సి. నెంబరు, ఎఫ్.ఐ.ఆర్. నకలు, డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ప్రతి మందుల బిల్లు, అంబులెన్సుకూ ఆటోకూ ఇచ్చిన డబ్బు రాసుకున్న చీటీ అందులో వేయండి. రోగి రికార్డుల నకలు అడిగితే 72 గంటల్లోపు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమం చెబుతుంది. అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, దాని మీద తేదీ వేయించుకోండి. బిల్లు బాకీ ఉందని రోగినిగానీ శవాన్నిగానీ ఆపి ఉంచకూడదని జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది.

అంగవైకల్యం మిగిలితే ప్రభుత్వ మెడికల్ బోర్డు ధ్రువపత్రం తప్పనిసరి. గాయం పూర్తిగా మానాక తీసుకోవాలి. దానికి ఎప్పుడు రావాలో డిశ్చార్జి రోజునే డాక్టరుగారిని అడిగి తేదీ రాయించుకోండి.

ఇప్పుడు నేను రాత్రి డ్యూటీలో ఉంటే, దెబ్బతో వచ్చినవారి దగ్గర వెంట వచ్చిన మనిషిని కొంచెం పక్కకు పంపి రోగినీ, ఇంటివారినీ విడిగా అడుగుతాను. కొందరికి కోపం వస్తుంది. "ఇన్ని అడుగుతవేంది సిస్టరమ్మా, ముందు కట్టు కట్టు" అంటారు. కట్టు కడుతూనే అడుగుతాను.