ఒంటరిగా నున్నప్పుడు పండుగ నాచరించుట



పండుగ యనగానే మన కన్నుల యెదుట నిలుచునది జనసమూహము. క్రొత్త బట్టలు, గుడిగంట, నక్షత్రపు దీపము, అరిసెల వాసన, ఇంటినిండ బంధువులు: ఇవన్నియు గూడిననే పండుగ యని మన తలంపు. అయితే పండుగనాడు ఒంటరిగా నుండువారు లోకమున తక్కువ గారు. ఆసుపత్రిలో రాత్రి పనియందున్న నర్సు, సరిహద్దున నిలిచిన సిపాయి, దూరదేశమున కూలికి బోయిన కుమారుడు, వేటకు బోయి సముద్రముమీద నున్న పడవవాడు, సెలవులకు ఇంటికి బోజాలక హాస్టలులో మిగిలిన బాలుడు, బిడ్డలందరు పట్టణములు చేరగా పల్లెలో నిలిచిన ముదుసలి – వీరికి పండుగ లేదా? ఈ పాఠమున ఆ సంగతి విచారింతము.

1. మూసిన తలుపుల లోపలి పండుగ

నిర్గమకాండము 12వ అధ్యాయమును చదువుడు. ఇశ్రాయేలీయుల మొదటి పస్కా పండుగ దేవాలయమున జరుగలేదు. ఎవరి యింట వారు, తెల్లవారువరకు గడప దాటక, రాత్రివేళ దాని నాచరించిరి. అందొక నియమము గమనింపదగినది. ఒక గొఱ్ఱెపిల్లను భుజించుటకు చాలనంత చిన్న కుటుంబమైనచో, ఆ యింటివారు పొరుగువారితో గూడి దానిని పంచుకొనవలెను. అనగా పండుగ విధి యేర్పడిననాడే కొద్దిమందిగల యింటిని గూర్చిన తలంపు అందు చేర్చబడినది. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయమున సైతము, పండుగ భోజనమునకు బోవు జనులకు, ఏమియు సిద్ధపరచుకొనని వారికి భాగములు పంపవలెనను ఆజ్ఞ కలదు. కాబట్టి తలుపు మూయబడుటచేత పండుగ చెడదు. పొరుగువానిని మరచుటచేతనే చెడును.

2. ఒంగోలు కొండమీద నైదుగురు

ఇట్టి దృష్టాంతము మన ప్రాంతముననే యున్నది. నెల్లూరున స్థాపింపబడిన అమెరికను బాప్టిస్టు తెలుగు మిషనును మూసివేయవలెనా యని 1853లో అమెరికాలో చర్చ జరిగెను. దానికి ‘ఒంటరి నక్షత్రము’ అను పేరు వచ్చినది అప్పుడే. మరుసటి సంవత్సరము, 1854 జనవరి 1వ తేదీన, లైమన్ జూవెట్ దొరగారు, ఆయన సతీమణి, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలులో నుండిరి. అచట వారికి సంఘము లేదు, గుడి లేదు. క్రొత్త సంవత్సరపు తెలతెలవారు వేళ ఆ యైదుగురును ఊరి ప్రక్క కొండ యెక్కి ప్రార్థించిరి. అదియే వారి పండుగ.

1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలునకు వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురు సభ్యులతో అచట సంఘ మేర్పడెను. 1876-78 సంవత్సరముల గొప్ప కరవు తరువాత, 1878 జూలై 3వ తేదీ నొక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కొండ యెక్కిన ఉదయమున ఈ సంగతులేవియు ఆ యైదుగురికి తెలియవు. జనము చేరినపిదప పండుగ చేయుదమని వారు కాచుకొని కూర్చుండలేదు. మనము నేర్వవలసినది ఇదియే.

3. 2020వ సంవత్సరపు పండుగలు

మీలో పెద్దవారికి ఇది జ్ఞాపకముండును. కరోనా వ్యాధి కారణమున దేశమంతట లాక్‌డౌను మొదలైన దినము 2020 మార్చి 25. అదే శార్వరి నామ సంవత్సర ఉగాది. శార్వరి యనగా రాత్రి. ఏప్రిల్ 2వ తేదీన భద్రాచలమున శ్రీరామనవమి కల్యాణము భక్తజనులు లేకయే జరిగెను. ఏప్రిల్ 12వ తేదీన పునరుత్థాన పండుగ గుడులు మూయబడియుండగనే వచ్చెను. మే 25వ తేదీన మహమ్మదీయ సోదరులు రంజాను నమాజు ఇండ్లలోనే చేసికొనిరి. ఆ సంవత్సరము అందరును ఒంటరితనపు రుచి చూచిరి.

ఇచట నా తప్పిద మొకటి చెప్పవలసియున్నది. ఆ పునరుత్థాన పండుగ ఉదయమున కర్లపాలెములో మా యింట మేము నలుగురము ప్రార్థన చేసికొని, గుడికి బోలేకపోతిమే యని విచారించితిమి. ఆ వేళ వెనుక సందునుండి సన్నని పాట వినవచ్చెను. ఎవరి రేడియోయో యనుకొని నేను కిటికీ మూసితిని. మూడవనాడు సరకులకు బోవుచుండగా, ఆ సందులో ఒంటరిగా నివసించు వృద్ధురాలొకతె గుమ్మమున గూర్చుండి నన్ను పలుకరించెను.

“మాస్టరుగారూ, పండుగనాడు నా గొంతు మీకు వినబడలేదా అయ్యా? ఉతికిన చీర కట్టుకొని, తెల్లవారుజామున తలుపు తీసి పాడితిని. మీరు అందుకొందురని ప్రతి చరణముకాడ ఆగితిని.”

నాకు మాట రాలేదు. కన్నులు మసకబారి ఆమె పుస్తకము చదువలేదు. చిన్ననాడు ఆదివారపు బడిలో కంఠస్థము చేసిన కీర్తనలే ఆమెకు గుడియు, సంఘమును ఆయెను. నలుగురము కూడియున్న మేము ఒంటరులమని విచారించితిమి. నిజముగా ఒంటరియైన ఆమె పండుగ చేసెను. ఆనాటినుండి పండుగ ఉదయమున మా యింటి కిటికీలు తెరచియుంచుచున్నాము.

4. ఆచరింపదగిన విధములు

(అ) దినమును వేరుపరచుడు. వాకిలి ఊడ్చి ముగ్గు వేసి, స్నానము చేసి, ఉతికిన బట్టలు కట్టుడు. చూచువారు లేరని మానవలదు.

(ఆ) ఒక్క వంటకమైనను చేయుడు. ఉగాది పచ్చడిని చిన్న గిన్నెలో నొక్కరికి కలుపుకొనవచ్చును. పాయసము గరిటెడైనను పాయసమే.

(ఇ) వేళను పాటింపుడు. మీ వారు ఇంటియొద్ద ప్రార్థించు గడియ తెలిసికొని, మీరున్నచోట ఆ గడియకే ప్రార్థింపుడు.

(ఈ) కంఠస్థము చేయుడు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయమున పౌలు సీలలు కాళ్లకు బొండ వేయబడి చెరసాల లోపలిగదిలో నుండియు, మధ్యరాత్రి పాడిరి. తక్కిన ఖైదీలు వినిరి. అట్టిచోట మనకు తోడువచ్చునది హృదయమున నున్నదియే. బడిలో వాక్యములు వల్లెవేయించుట ఇందులకే.

(ఉ) ఒక భాగమును వెలుపలికి పంపుడు. ఉత్తరమో, ఫోనులో నొక మాటయో, పొరుగింటికి నొక గిన్నెయో. ఇచ్చుచున్నంతసేపు మనుష్యుడు పూర్తిగా ఒంటరివాడు గాడు.

(ఊ) దుఃఖము వచ్చిన సిగ్గుపడవలదు. పస్కాను చేదు కూరలతో భుజించిరి. ఉగాది పచ్చడిలో వేపపువ్వున్నది. చేదును పండుగనుండి తీసివేయవలెనని మన పెద్దలు తలంపలేదు.

5. తక్కినవారి విధి

ఈ విధములు ఒంటరివానికి బలమిచ్చునే గాని, మన బాధ్యతను తీర్చవు. ఆ వృద్ధురాలి పాట మంచిదే. కాని దాని కెవరో బదులు పాడవలసియుండెను. తలిదండ్రులారా, పండుగకు ముందే మీ వీధిలో ఎవరొంటరిగా నుందురో లెక్కింపుడు. హాస్టలు పెద్దలారా, సెలవులకు ఇంటికి బోలేని పిల్లల పేర్లు గుర్తుంచుకొనుడు. విద్యార్థులారా, అట్టి తోటివాని నొకనిని మీ యింటికి బిలువుడు. పస్కా నియమము మనకును వర్తించును.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. పొరుగువారితో గూడి పస్కాను పంచుకొనుమను నియమమువలన మనకు తెలియు నీతి యేమి?
2. పుస్తకము లేకుండ మీరు పాడగల కీర్తనలెన్ని? వాని పేర్లు వ్రాయుడు.
3. రాబోవు పండుగనాడు మీ వీధిలో ఎవరి పాటకు మీరు బదులు పాడుదురు?