నోరెందుకు ఎండుతుంది?



చింతకాయ మాట వినగానే నోరు ఊరుతుంది. లెక్కల సారు బోర్డు దగ్గరికి పిలవగానే నోరు ఎండుతుంది. రెండింటికీ మూలం ఒకటే, లాలాజలం. మన సైన్సు పుస్తకం జీర్ణవ్యవస్థ పాఠంలో దాని గురించి కొద్దిగా చెప్పి, వెంటనే అన్నవాహికలోకి దిగిపోతుంది. ఇదే హాస్టల్లో చదువుకొని ఇప్పుడు కొందరం బడుల్లో, కొందరం ఆస్పత్రుల్లో, ల్యాబుల్లో పనిచేస్తున్న మేము మిగిలిన పాఠాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో రాయాలనుకున్నాము. నోరు ఎండితే ఎవరైనా నీళ్ళు తాగుతారు. కానీ మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఆ తాగిన నీళ్ళ వల్లనే ఎందరి ఎముకలు వంగిపోయాయో మీకు తెలుసు. అందుకని ఈ పాఠం వేరే జిల్లా వాళ్ళకు చెప్పినట్టు మనకు చెపితే సరిపోదు.

లాలాజలం చేసే పని

మన నోటిలో మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులు ఉన్నాయి. చెవి ముందు, చెంప లోపల ఒక జత. గవదబిళ్ళలు వచ్చినప్పుడు వాచేది ఇదే. దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత. ఇవిగాక పెదవుల లోపల, అంగిట్లో వందల కొద్దీ చిన్న గ్రంథులు. అన్నీ కలిసి రోజుకు అర లీటరు నుండి లీటరున్నర దాకా లాలాజలం ఊరుస్తాయి. అందులో 99 శాతం నీరే. అసలు పనితనమంతా మిగిలిన ఒక్క శాతంలో ఉంది. పిండి పదార్థాన్ని చక్కెరగా మార్చే అమైలేజ్, ముద్దను జారేటట్టు చేసే జిగురు, పులుపును విరిచే బైకార్బొనేట్, పంటి పైపొరను బాగుచేసే కాల్షియం, ఫాస్ఫేట్, క్రిములను అణచే పదార్థాలు అన్నీ అందులోవే.

నమ్మకం కుదరకపోతే ఈ రాత్రి భోజనంలోనే చూడండి. కూర కలపని ఉత్త అన్నం గానీ, జొన్నరొట్టె ముక్క గానీ మింగకుండా రెండు నిమిషాలు నమలండి. మెల్లగా తీపి తెలుస్తుంది. పిండి చక్కెర అయిందన్నమాట.

ఆ చక్కెరనే నోట్లోని క్రిములు ఆమ్లంగా మారుస్తాయి. పీహెచ్ సుమారు 5.5 కంటే తగ్గితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగివేసి పంటిని కాపాడుతుంది. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది కాబట్టే తెల్లవారేసరికి నోరు పాచి వాసన వేస్తుంది. రాత్రి తోముకోకుండా పడుకుంటే ఆ ఏడెనిమిది గంటలు పంటికి కాపలా ఉండదు. పొద్దున తోముకోవడానికి నల్లా దగ్గర వరుస కట్టే మనం రాత్రిపూట అటువైపే పోము.

ఇక దూప వేరు, నోరు ఎండడం వేరు. ఒంట్లో నీరు తగ్గితే దూప అవుతుంది, నీళ్ళు తాగితే తీరుతుంది. చెంబెడు నీళ్ళు తాగినా కాసేపటికే నాలుక పిడచగట్టుకుపోతుంటే, నీళ్ళ గుటక లేకుండా అన్నం ముద్ద దిగకపోతుంటే, మాట్లాడుతుంటే నాలుక అంగిటికి అంటుకుంటుంటే లాలాజలమే తగ్గిందని అనుమానించాలి. వైద్యులు ఈ బాధను జీరోస్టోమియా అంటారు.

భయపడిన నోరు

భయం కలిగినప్పుడు మన నాడీ వ్యవస్థ ఒంటిని పరుగుకో, పోరాటానికో సిద్ధం చేస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, లాలాజలం తగ్గుతుంది. పరీక్ష హాల్లో, ఉపన్యాస పోటీలో నోరు పెగలకపోవడం ఇందువల్లనే. రెండు గుక్కలు తాగి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చి వదిలితే చాలావరకు సర్దుకుంటుంది.

ఒక పాత సంగతి చెప్పాలి. మన ధర్మశాస్త్రాల్లో దొంగతనం నేరానికి 'తండుల దివ్యం' అనే పరీక్ష ఉంది. అనుమానం ఉన్నవాడి చేత బియ్యం నమిలించి ఉమ్మిస్తారు. ఉమ్మిలో నెత్తురు కనబడితే, ఒళ్ళు వణికితే దొంగ అని తీర్పు. ఎండిన నోట్లో బియ్యం నమిలితే చిగుళ్ళు గీసుకుపోవడం సహజమే. అయితే తప్పు చేసినవాడికెంత భయమో, చేయనివాడికీ అంతే భయం ఉండదా? పది మంది ముందు నిలబెడితే నిర్దోషి నోరే ముందు ఎండుతుంది. ఇప్పటికీ ఎవరి ట్రంకు పెట్టెలోనో డబ్బులు పోతే, మాట తడబడిన పిల్లవాడి మీదికే అందరి చూపూ పోతుంది. ఆ తడబాటు సాక్ష్యం కాదని మనవాళ్ళు తెలుసుకోవాలి.

నీళ్ళు సరే, ఏ నీళ్ళు?

'నోరు ఎండితే నీళ్ళు ఎక్కువ తాగండి' అని ప్రతి పుస్తకంలో ఉంటుంది. మన జిల్లాల్లో ఆ మాటకు ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన దేశ ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకోవచ్చు.

ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక బోరు నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకోండి. నీడలో కూర్చొని రోజుకు లీటరున్నర తాగేవాడి ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు పోతుంది. అదే నీటిని ఎండలో రాళ్ళు మోస్తూ 5 లీటర్లు తాగే కూలి మనిషి ఒంట్లోకి 10 మిల్లీగ్రాములు పోతుంది. బోరు ఒకటే, విషం మూడింతలు. ఎండలు మండే చోట, ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళకే ఫ్లోరోసిస్ ఎక్కువ హాని చేయడంలో ఈ లెక్క ఉంది. ఊరూరా తిరిగి కాలువలు తవ్విన పాలమూరు కూలీల పిల్లలు, మర్రిగూడ, మునుగోడు వైపు నుండి వచ్చిన పిల్లలు మన హాస్టళ్ళలో ఎంతమంది లేరు!

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఈ నీళ్ళ గోస దేశానికి తెలియాలనే వందల మంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఓట్లు చదువుకొని గుర్తు వెతుక్కోవడానికి మన తాతలు ఎంత అవస్థ పడ్డారో ఇంటికి పోయినప్పుడు అడగండి. 2016లో మిషన్ భగీరథ మొదలైన తరువాత కృష్ణా నీళ్ళు మన ఊళ్ళకు వచ్చాయి. నదీ జలంలో ఫ్లోరైడ్ తక్కువ. అయితే నల్లా రాని రోజు, పొలం దగ్గర, పని చోట మళ్ళీ బోరింగు నీళ్ళే దిక్కవుతాయి. అటువంటి నీటిని పరీక్ష చేయించనిదే తాగకూడదు. కాచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది కూడా. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని 'నీరి' సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతిని తయారుచేసింది. దాని పేరే 'నల్లగొండ పద్ధతి'. విదేశీ పుస్తకాల్లో కూడా ఆ పేరుతోనే ఉంటుంది. మన జిల్లాకు అలా పేరు రావడం సంతోషించాలో బాధపడాలో తెలియదు.

ఫ్లోరైడ్ పేస్టు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లాలాజలం తగ్గినవాళ్ళకు పళ్ళు త్వరగా పుచ్చుతాయి కనుక ఆ పేస్టు వాడమంటారు. మనవాళ్ళకు ఆ పేరు వింటేనే భయం. పళ్ళు తయారయ్యే చిన్న వయసులో ఏళ్ళ తరబడి మింగిన ఫ్లోరైడ్ వల్ల మచ్చలు వస్తాయి. బఠాణీ గింజంత పేస్టుతో తోముకొని ఉమ్మేస్తే పంటి పైపొర గట్టిపడుతుంది. వచ్చిన మచ్చలు మాత్రం తోమితే పోవు. ఇటుక పొడి, ఇసుక, బొగ్గు పెట్టి రుద్దేవాళ్ళు ఉన్న ఎనామిల్‌ను అరగదీసుకుంటున్నారు.

తాగనివాళ్ళ సంగతి

బడిలో మరుగుదొడ్డి సరిగా ఉండదని పొద్దున నుండి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు తాగని చెల్లెళ్ళు ఉన్నారు. నోరు ఎండడం, తలనొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట, అన్నీ దాని వెంట వస్తాయి. వాళ్ళకు 'నీళ్ళు తాగండమ్మా' అని చెప్పడం సులువు. తలుపు, గడియ, నీళ్ళు ఉన్న మరుగుదొడ్డి అడిగి సాధించడమే కష్టం. మా అభిప్రాయంలో ఈ బాధకు మందు అదే. వార్డెన్ గారితో, హెడ్‌మాస్టరు గారితో జరిగే ప్రతి సమావేశంలో ఇది మొదటి అంశంగా ఉండాలి.

ఎండదెబ్బకూ విరేచనాలకూ నోరెండిపోతే ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీటిలో కలిపి తాగించాలి. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీటిలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి.

మాత్రలు, మత్తు, ముక్కు

హాస్టల్లో గజ్జి, దురద, జలుబు వచ్చినప్పుడు ఇచ్చే అవిల్, సీపీఎం వంటి మాత్రలు నోరు ఎండిస్తాయి. మాత్ర ఆపగానే తగ్గుతుంది, భయం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు బీపీకో, దిగులుకో వాడే కొన్ని మాత్రలూ అంతే. వాటిని మాత్రం సొంతంగా మానేయకూడదు. నోరు ఎండుతున్నదని డాక్టరుకు చెపితే మాత్ర మారుస్తారు, లేదా మోతాదు తగ్గిస్తారు. ముక్కు దిబ్బడతో నోటితో గాలి పీల్చి నిద్రపోయేవాళ్ళకు పొద్దున్నే నోరు ఎండుతుంది, వాళ్ళు ముక్కు చూపించుకోవాలి. గుట్కా, జర్దా, సారా, మత్తుమందు కలిపిన కల్తీ కల్లు గురించి ఎక్కువ రాయము. అవి నోరు ఎండించడంతో ఆగవని అందరికీ తెలుసు.

నడివయసు ఆడవాళ్ళలో నోటితో పాటు కళ్ళు కూడా ఎండి ఇసుక పడినట్టు గరగరలాడితే షోగ్రెన్ వ్యాధి కావచ్చు. ఒంటి రక్షణ వ్యవస్థే లాలాజల, కన్నీటి గ్రంథులను దెబ్బతీస్తుంది. నోటి, గొంతు క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకున్నవాళ్ళకూ గ్రంథులు దెబ్బతిని నోరు ఎండుతుంది. మన ఇండ్లలో అటువంటి పెద్దమనుషులుంటే రొట్టెను పాలలోనో పప్పులోనో నానబెట్టి ఇవ్వండి, పక్కన చెంబు పెట్టండి. మాటిమాటికీ నిమ్మకాయ, చింతపండు చప్పరిస్తే నోరు ఊరుతుంది గానీ లాలాజలం లేని పంటిని ఆ పులుపు తింటుంది. చక్కెర బిళ్ళలకంటే నాలుగు సోంపు గింజలు మేలు. ఆరు నెలలకొకసారి పళ్ళ డాక్టరు చూడాలి.

పక్క మంచం మీది తమ్ముడు

అన్నిటికంటే తొందరపడవలసిన సంగతి చివరికి ఉంచాము. ఒక పిల్లవాడు ఉన్నట్టుండి చెంబులకు చెంబులు నీళ్ళు తాగుతున్నాడు. అయినా నోరు ఎండుతున్నదంటాడు. రాత్రి నాలుగైదుసార్లు లేస్తాడు, ఎన్నడూ లేనిది పక్క తడుపుతున్నాడు. బాగా తింటున్నా చొక్కా వదులవుతున్నది. ఇది పిల్లల్లో వచ్చే చక్కెర వ్యాధి కావచ్చు. తల్లిదండ్రులు వలస పోయి ఉంటారు, వార్డెన్ గారికి నూరు మంది పిల్లలు. గమనించగలిగేది పక్క మంచం మీద పడుకునేవాడే. పక్క తడిపాడని నవ్వితే వాడు నీళ్ళు తాగడం మానేస్తాడు, రోగం దాచుకుంటాడు. 1922లో కెనడాలో మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చిన లియొనార్డ్ థాంప్సన్ వయసు 14 ఏళ్ళు, మన తొమ్మిదో తరగతి పిల్లవాడి ఈడు. అంతకు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవారు కాదు. ఇప్పుడు ఇన్సులిన్ తీసుకుంటూ చదువుకోవచ్చు, ఉద్యోగం చేయవచ్చు.

వేలి చివర ఒక్క చుక్క నెత్తురుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే పరీక్ష అయిపోతుంది. నీరసంగా ఉన్నాడని తియ్యటి రసాలు, గ్లూకోజు తాగించి ఒక రోజు చూద్దామని ఆగవద్దు. ఈ గుర్తులకు తోడు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, పండిన పండు వంటి వాసనతో ఊపిరి, మత్తుగా తూగడం కనబడితే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. ఆ రాత్రే వార్డెన్ గారిని లేపి, 108కి ఫోన్ చేయాలి.