మూత్రపిండములలో రాళ్లు - ఆహార నియమములు

మూత్రపిండములలో రాళ్లు పుట్టుట క్రొత్త వ్యాధి కాదు. సుశ్రుతసంహితలో దీనికి అశ్మరి యని పేరు. మూత్రాశయమునందలి రాతిని శస్త్రముతో తీయు విధమును అందు చెప్పబడినది. మన కనకాలపేటలోను, గౌతమీ తీరపు ఊళ్లన్నింటను వేసవిలో చెమట మెండు. కావున తల్లిదండ్రులు ఈ విషయమును కొంత తెలిసికొనుట మేలని యెంచి వ్రాయుచున్నాము.

రాయి యెట్లు పుట్టును?

రక్తములోని మలినములను, మిగులు లవణములను మూత్రపిండములు నీటితో వెలికి పంపును. ఉప్పునీరు ఎండకు ఇగిరిన పాత్ర అడుగున పలుకులు తేలును గదా! అట్లే నీరు చాలనిచో మూత్రము చిక్కనై, అందలి కాల్షియము, ఆక్సలేటు కూడి పలుకులగును. అవి పెరిగి రాళ్లగును. రాళ్లలో అధికభాగము ఈ జాతివే.

పాలు మానవలెనా?

రాయిలో కాల్షియము కలదు గనుక పిల్లలకు పాలు, పెరుగు మాన్పింపవలెనని కొందరు తలంతురు. ఇది సరి కాదు. భోజనములోని కాల్షియము ప్రేగులలోనే ఆక్సలేటును పట్టుకొని మలముతో వెలికి పంపును. పాలు మానినచో ఆ ఆక్సలేటు మూత్రములోనికి చేరును. ఇటలీ వైద్యులు 2002లో ప్రకటించిన పరిశోధన ఇందుకు సాక్ష్యము. మాటిమాటికి రాళ్లు వచ్చు 120 మంది పురుషులను రెండు జట్లుగా చేసి 5 సంవత్సరములు పరిశీలించిరి. కాల్షియము తగ్గించిన 60 మందిలో 23 మందికి మరల రాళ్లు వచ్చెను. కాల్షియమును మామూలుగా తీసికొనుచు, ఉప్పును మాంసమును తగ్గించిన 60 మందిలో 12 మందికే వచ్చెను.

టమాటాకు కూడ అపవాదు కలదు. కాని అందు ఆక్సలేటు స్వల్పమే. పాలకూర, చుక్కకూర, బాదము పప్పులలో అది యెక్కువ. ఒకసారి రాయి వచ్చినవారు వీనిని మితముగా, పెరుగుతోడి భోజనములో తినవలెను.

ఉప్పు, నీరు

ఉప్పు పెరిగినకొలది మూత్రములో కాల్షియము పెరుగును. పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, ఎండుచేప, అప్పడము, చల్లమిరపకాయ ఒకే విస్తరిలో చేరకుండ చూడవలెను.

రాయి వచ్చిన పెద్దలు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రము వచ్చునంత నీరు త్రాగవలెను. గుండెజబ్బు గలవారును, మూత్రపిండములు చెడినవారును వైద్యుని యడిగియే త్రాగవలెను. చక్కెర లేని నిమ్మనీరు మంచిది. అందలి సిట్రేటు పలుకులు కట్టనీయదు. మూత్రము లేతవన్నెగా నున్నచో నీరు చాలినట్లు. ముదురు పసుపైనచో చాలనట్లు.

వైద్యుని యొద్దకు ఎప్పుడు?

నడుము ప్రక్కనుండి గజ్జలలోనికి దిగు తీవ్రమైన నొప్పి, వాంతులు, మూత్రములో రక్తము దీని గుర్తులు. చలిజ్వరము వచ్చినను, మూత్రము బంధించినను తక్షణమే ఆసుపత్రికి పోవలెను. ఉలవచారు, అరటిదవ్వ, కొండపిండి ఆకు నమ్ముకొని పరీక్షను వాయిదా వేయరాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ నీళ్లసీసా సాయంకాలము నిండుగానే తిరిగి వచ్చుచున్నదేమో చూడుడు. మరుగుదొడ్డికి అనుమతి యడుగుటకు సిగ్గుపడి నీరు మానెడు పిల్లలు, ముఖ్యముగా బాలికలు, కలరు. అడుగుటకు జంకవలదని ఇంట మీరు చెప్పుడు. అడిగినప్పుడు పంపుట బడిలో మా విధి.