తవ్వెడు ఊక, తవ్వెడు వడ్లు: లాక్టోమీటరు చెప్పే మాట

కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అన్న ప్రశ్నకు తికమకపడని పిల్లలు అరుదు. కొలత మార్చి అడిగితే తికమక ఉండదు. జగిత్యాల రైతు తవ్వెడు ఊకను, తవ్వెడు వడ్లను చేత పట్టగానే ఏది బరువో చెబుతాడు. తవ్వ ఒక్కటే, అందులో పట్టిన సరుకు బరువు వేరు. దీనినే సాంద్రత అంటారు. పాల కేంద్రంలో లాక్టోమీటరు చూసేది కూడా ఇదే.

లీటరు నీరు సుమారు ఒక కిలో తూగుతుంది. లీటరు బర్రె పాలు సుమారు 1.030 కిలోలు తూగుతాయి. ఈ చివరి 30నే లాక్టోమీటరు మీద చదువుతాము. పాలు చిక్కనైతే గొట్టం పైకి తేలుతుంది, నీళ్లు కలిస్తే లోపలికి దిగుతుంది. 9 లీటర్ల మంచి పాలకు లీటరు నీళ్లు పోస్తే 30 కాస్తా 27 అవుతుంది.

ఇంతవరకు అందరికీ తెలిసినదే. చిక్కు వెన్నతో వస్తుంది. పాలలో అన్నిటికంటె విలువైన వెన్న నీటికంటె తేలిక. లీటరు వెన్న కొవ్వు సుమారు 930 గ్రాములే. కనుక వెన్న ఎక్కువున్న పాలలో లాక్టోమీటరు కొంత దిగుతుంది, వెన్న తీసిన పాలలో 36 దాకా లేస్తుంది. ఆ తీసిన పాలు 5 లీటర్లకు లీటరు నీళ్లు కలిపితే చక్కగా 30 చూపుతుంది! దొంగ పాలు గట్టెక్కుతాయి, నిజాయితీ పాలు నింద మోస్తాయి.

అటువంటి తగాదా ఒకటి మేము చూశాము. పొద్దున్నే బర్రెను పితికి, నురుగైనా తగ్గకముందే తెచ్చిన ఒక అక్క పాలకు 26 వచ్చింది. నలుగురిలో "నీళ్లు పోసినవు" అన్న మాట పడింది. ఆమె క్యాను తీసుకొని వెళ్లిపోబోయింది. పాల వేడి చూస్తే 37 డిగ్రీలున్నది. 27 డిగ్రీలకు గుర్తులు పెట్టిన లాక్టోమీటరులో ఆపైన ప్రతి డిగ్రీకి 0.2 కలపాలి. అంటే 26 కాదు, 28. నురుగులోని గాలి కూడా అంకెను తగ్గిస్తుంది, ఆ లెక్క వేరే. తరువాత గెర్బరు పరీక్షలో వెన్న 8 శాతం వచ్చింది.

ఇక లెక్క చూద్దాము. సరిచేసిన అంకెను 4తో భాగించి, వెన్న శాతంలో నాలుగో వంతును, 0.44ను కలిపితే వెన్న కాని ఘనపదార్థం వస్తుంది. 7, 2, 0.44 కలిపి 9.44 శాతం. బర్రె పాలకు కావలసినది 9 శాతం. అదే 28 అంకె 3 శాతం వెన్న ఉన్న పాలకు వస్తే లెక్క 8.19 దగ్గరే ఆగుతుంది. అంకె ఒకటే, పాలు రెండు రకాలు.

యంత్రాలు వచ్చిన కేంద్రాలలో ఈ లెక్క యంత్రమే చేస్తున్నది. లాక్టోమీటరుతోనే నడిచే చోట కార్యదర్శులు పాలను మెల్లగా కలిపి, నురుగు తగ్గనిచ్చి, గొట్టం అంచుకు తగలకుండా చూసి చదవాలి. థర్మామీటరు లేకుండా చదివిన అంకెను పుస్తకంలో ఎక్కించరాదని మా అభిప్రాయం.

మరొక్క మాట. లీటర్లలో పోసి కిలోల చీటీ అందుకొనే సభ్యులు తరచు అనుమానపడుతుంటారు. 40 లీటర్ల పాలు 41.2 కిలోలు తూగాలి. చీటీలో 40 కిలోలని ఉంటే అవి 38.8 లీటర్లే. చీటీ మీద లీటర్లో, కిలోలో స్పష్టంగా రాయించుకోండి.